విశ్రాంతి తర్వాత: ఈమధ్య హాల్లో చూసిన సినిమాలు

సినిమా చూసి బయటికి వస్తున్నవాళ్లను ఎలా ఉందని అడిగితే, తెలుగునాట జవాబు సాధారణంగా రెండు ముక్కలుగా వస్తుంది: ఫస్టాఫ్ ఇలా ఉంది, సెకండాఫ్ అలా ఉంది. ఈ పద్ధతిని చిన్నచూపు చూసే సమీక్షకులు ఉన్నారు గానీ, కరోనా తర్వాత థియేటర్లు తెరుచుకున్నప్పటి నుంచి కొత్త సినిమాలను వీలైనంతవరకు హాల్లోనే చూస్తూ వచ్చిన నాకు, మన సినిమాను తూచడానికి ఇంతకంటే నమ్మకమైన కొలత దొరకలేదు. ఇంట్లో టీవీలో చూసేటప్పుడు విశ్రాంతి అన్న అక్షరాలు రెండు క్షణాలు కనిపించి మాయమవుతాయి, ఒక్కోసారి అవి కూడా ఉండవు. హాల్లో మాత్రం దీపాలు వెలుగుతాయి, కథ పావుగంట పాటు ఆగుతుంది, జనం లేచి సమోసాల దగ్గర నిలబడి ఆగిన కథ గురించి మాట్లాడుకుంటారు. ఆ పావుగంట తర్వాత మళ్లీ పుంజుకున్న సినిమాలేవి, చతికిలబడినవేవి అన్న లెక్కతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

టూరింగ్ టాకీసుల్లో ఒకటే ప్రొజెక్టర్ ఉన్న రోజుల్లో రీలు మార్చడానికి ఆట మధ్యలో రెండు మూడు సార్లు ఆపేవారు. ఇప్పుడు రీలూ లేదు, మార్చే అవసరమూ లేదు, అయినా విరామం పోలేదు సరికదా, కథ రాసేవాళ్లే దాని చుట్టూ కథను అల్లుతున్నారు. ఇంటర్వెల్ బ్యాంగ్ అనే మాట పరిశ్రమలో స్థిరపడిపోయింది. క్యాంటీన్ అమ్మకాలు, ప్రకటనలు దీనికి కొంత కారణమే గానీ, అసలు కారణం ప్రేక్షకుడి అలవాటని నేను అనుకుంటాను. అక్కడ ఏదో ఒకటి పేలాలని మనమే ఎదురుచూస్తాం. చిక్కేమిటంటే, అక్కడ పేల్చడం చాలామందికి వచ్చింది, ఆ తర్వాత ఏం చేయాలో కొద్దిమందికే వచ్చింది.

2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ను ముందుగా చెప్పుకోవాలి. అల్లూరి సీతారామరాజు 1924లో, కొమురం భీం 1940లో అమరులయ్యారు. జీవితంలో వారు కలుసుకున్న దాఖలా లేదు. ఆ ఇద్దరికీ ఢిల్లీలో స్నేహం కలిపి రాజమౌళి అల్లిన కల్పన అది. గవర్నర్ బంగళా ఆవరణలోకి లారీ దూసుకువచ్చి, అందులోంచి అడవి మృగాలతో పాటు భీం దూకే ఘట్టం దగ్గర హాలు హోరెత్తిపోయింది. దాన్ని గొప్ప పోరాటంగా చెప్పుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ ఘట్టం నిలిచింది పులుల వల్ల కాదు. అంతవరకు ప్రాణస్నేహితులుగా చూసిన ఇద్దరిలో ఒకడు నిప్పుతో, మరొకడు నీటితో ఎదురెదురుగా నిలబడి, ఒకడు మరొకణ్ణి బంధించడంతో అక్కడ స్నేహం విరుగుతుంది. ఇంటర్వెల్‌లో జనం మాట్లాడుకున్నది కూడా పులుల గురించి కాదు, రామరాజు అలా ఎందుకు చేశాడని. విరామానికి ముందు ఒక దెబ్బ కాకుండా ఒక ప్రశ్న పడితే కథ ఆ పావుగంటలో చల్లారదు.

ఆ ప్రశ్నకు జవాబుగా విశ్రాంతి తర్వాత వచ్చే రామరాజు చిన్ననాటి కథ కొంత సాగుతుంది, అందులో సందేహం లేదు. అజయ్ దేవగణ్ పాత్ర బరువైనదే అయినా ఆ భాగమంతా తెలిసిన దారిలోనే నడుస్తుంది. కానీ వెంటనే సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘కొమురం భీముడో’ పాట వస్తుంది. కాలభైరవ గొంతు, కొరడా దెబ్బలు, మోకాలు వంచని భీం, కొడుతున్నవాడి కళ్లలో నీళ్లు: మూడు గంటలు దాటిన ఆ సినిమాకు గుండెకాయ అదే. ఆస్కార్ వచ్చింది ‘నాటు నాటు’కు, వచ్చినందుకు అందరిలాగే సంతోషించాను, అయినా ఆ రెండు పాటల్లో ఒకదాన్ని హాల్లో మళ్లీ వినమంటే ‘కొమురం భీముడో’నే కోరుకుంటాను. చివర్లో రాముడు విల్లంబులు పట్టి వచ్చేసరికి చప్పట్లు బాగానే పడ్డాయి గానీ, నేను అప్పటికే అలసిపోయాను.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నిలబడే సినిమా 2023 ఆగస్టులో వచ్చిన ‘జైలర్’. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కుటుంబం కూర్చుని ఉండగా రజనీకాంత్ కుర్చీలోంచి కదలకుండానే శత్రువులను మట్టుపెట్టించే ఆ విరామ ఘట్టం, నెల్సన్ రచనకు, అనిరుధ్ నేపథ్య సంగీతానికి పతాక. తర్వాత కథ విగ్రహం, కిరీటం, సునీల్ కామెడీ అంటూ పక్కదారి పట్టి, అసలు పగ సంగతి మరచిపోయినంత పని చేసింది. నా పక్క వరుసలో ఒకాయన సెకండాఫ్ మొదలైన కాసేపటికే ఫోన్ తీశాడు. నేనూ చేయి ఆపుకున్నానంతే.

‘కాంతార’ది మరో తరహా. 2022 అక్టోబర్ 15న తెలుగులో విడుదలైన ఈ కన్నడ సినిమాకు మధ్యభాగం బలహీనమని నా అభిప్రాయం. 1847లో ఒక రాజు మనశ్శాంతి కోసం అడవి బిడ్డలకు భూమి ఇచ్చి దైవంతో చేసుకున్న ఒప్పందం అనే గొప్ప మొదలు, కంబళ పందెంలో దున్నలతో బురదలో పరుగెత్తే నాయకుడు, ఆ పైన చాలాసేపు తాగుడు, వేట, ఆకతాయి ప్రేమ. ఆ ప్రేమ సన్నివేశాల్లో కొన్ని నాకు ఇబ్బందిగా కూడా అనిపించాయి. కానీ చివరి ఇరవై నిమిషాల్లో రిషబ్ శెట్టి ఒంట్లోకి గుళిగ దైవం దిగినప్పుడు, అజనీశ్ లోకనాథ్ సంగీతం మధ్య ఆ కేక హాలు నలుమూలలా తిరిగినప్పుడు, అంతకుముందున్న లోపాలన్నీ లెక్కలోంచి జారిపోయాయి. రిషబ్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం రావడానికి ఆ ఇరవై నిమిషాలే చాలు. దైవం ఒంటిమీదికి వచ్చే ఈ భూతకోల మన ప్రాంతపు ఆచారం కాదు, అయినా పూనకం అంటే ఏమిటో జాతర్లు చూసి పెరిగిన తెలుగువాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబర్ 2న వచ్చిన ‘కాంతార: చాప్టర్ 1’ దీనికంటే ఎన్నో రెట్లు భారీగా ఉంది, చిత్రీకరణ మెరుగ్గా ఉంది. అయితే దైవం మొదటిసారి దిగినప్పుడు కలిగిన జలదరింపు పదేపదే దిగినప్పుడు కలగదు.

ఇక నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన సినిమాకు బ్యాంగ్ అనదగ్గ విరామమే లేదు. 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’లో ఉన్నదల్లా పెద్దాయన కొమురయ్య చావు, పెట్టిన ముద్దను పిట్ట ముట్టడం లేదన్న చిక్కు. సిరిసిల్ల ప్రాంతం నుంచే వచ్చిన వేణు యెల్దండి, ఆ ఊళ్లు మాట్లాడుకునే భాషలోనే ఈ కథ చెప్పాడు. మనవడు సాయిలుకు తాత పోయిన దుఃఖం కంటే పెళ్లి ఆగితే కట్నం డబ్బు రాదేమో, అప్పు ఎలా తీర్చాలన్న దిగులు ఎక్కువ. భోజనాల దగ్గర మాంసం ముక్క కోసం మొదలైన మాట పట్టింపుతో కూతురి ఇల్లు ఏళ్ల తరబడి పుట్టింటికి దూరమైంది. వినడానికి ఇవి ఎంత చిన్న సంగతులో, మన ఇళ్లలో సరిగ్గా ఇలాంటి వాటికే ఇరవై ఏళ్లు మాటలు ఆగిపోతాయి. మొదటి సగంలో హాలు నవ్వింది. చావింట్లో కూడా జనం ఎలా ప్రవర్తిస్తారో చూపించిన హాస్యం అది, ఎక్కడా వెక్కిరింత లేదు. పదకొండో రోజున బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాట అందుకున్నప్పుడు మాత్రం నా ముందు వరుసల్లో కూర్చున్న పెద్దవాళ్లు కొంగులు, కండువాలు కళ్లకు అద్దుకున్నారు.

సినిమా ఓటీటీలోకి వచ్చాక కూడా తెలంగాణ ఊళ్లలో కూడళ్ల దగ్గర తెరలు కట్టి అందరూ కలిసి చూశారు. ఇంట్లో చూడగలిగినదాన్ని బయట కలిసి చూడాలనిపించడానికి కారణం స్పష్టమే. అది బలగం గురించిన కథ, పక్కన బలగం లేకుండా చూస్తే సగమే అందుతుంది. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. విశ్రాంతి ముందు ఏదో ఒకటి పేలకపోతే జనం కూర్చోరని నమ్మే నిర్మాతలు ఈ సినిమాను మరోసారి చూడాలి.

మలయాళం నుంచి వచ్చిన ‘మంజుమ్మెల్ బాయ్స్’ విరామాన్ని వాడుకున్న తీరు నాకు ముచ్చటేసింది. 2006లో కొడైకెనాల్ గుణ గుహల్లో జరిగిన నిజ సంఘటన అది. మిత్రబృందం అల్లరి, కారు ప్రయాణం, ఫొటోలు. కొంచెం విసుగు పుట్టే దాకా సాగదీసి, ఒక్కసారిగా ఒకణ్ణి లోయలాంటి గోతిలో పడేస్తాడు దర్శకుడు చిదంబరం. ఆ అల్లరిని అంతసేపు చూడకపోయి ఉంటే, రెండో సగంలో తాడు కట్టుకుని స్నేహితుడి కోసం దిగుతున్న కుట్టన్ మనకెవరో ఒకడుగానే ఉండేవాడు. ఏప్రిల్ 2024లో తెలుగులోకి వచ్చింది. అనువాద సంభాషణలు సహజంగా లేవు, ఇళయరాజా పాత పాట వినిపించిన చోట తమిళనాడులో మోగినంతగా మా హాలు మోగలేదు. అయినా గుహలోంచి పైకి వచ్చేటప్పుడు చప్పట్లు ఎవరూ చెప్పకుండానే పడ్డాయి. అదే ఏడాది జూన్‌లో వచ్చిన ‘మహారాజ’లోనూ ఇలాంటి నమ్మకమే కనిపించింది. చెత్తడబ్బా పోయిందని పోలీస్‌స్టేషన్‌కు వచ్చిన మంగలి కథలో విశ్రాంతి వేళకు అసలేం జరుగుతోందో సగం మందికి అంతుపట్టలేదు, అయినా ఒక్కరూ బయటికి పోలేదు. ఇంకా చూడనివాళ్లు ఉంటారు కాబట్టి ఇంతకంటే చెప్పను.

మన భారీ చిత్రాల్లో ‘కల్కి 2898 ఏడీ’కి మొదటి సగమే బరువు. కురుక్షేత్రంలో అశ్వత్థామకు శాపం తగిలే ఆరంభం చూసి ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే కాశీలో భైరవ బుజ్జి అనే కారుతో చేసే హాస్యం, ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిపోయే అతిథి పాత్రలు చూస్తూ ఇదేమిటి ఈ తేలికతనం అనుకున్నాను. అమితాబ్ బచ్చన్ పూర్తిగా రంగంలోకి దిగాకే సినిమా లేచింది. ఎనభై ఏళ్లు దాటిన నటుడు ఆ వయసులో తెరనంతా ఆక్రమించడం చూడడానికే టిక్కెట్టు డబ్బులు సరిపోయాయి. 3 గంటల 20 నిమిషాల ‘పుష్ప 2’లో తిరుపతి గంగమ్మ జాతర ఘట్టం తర్వాత నాకు మరేదీ అక్కర్లేదనిపించింది. మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకునే ఆచారాన్ని మాస్ హీరో ఒంటి మీద అంత నిష్ఠగా చూపించడం సుకుమార్ చేసిన పెద్ద సాహసం, అల్లు అర్జున్ దానికి పూర్తి న్యాయం చేశాడు. దాని తర్వాత కూడా కథ చాలాసేపు నడిచింది. చాలలేదన్నట్టు 2025 జనవరిలో మరో 20 నిమిషాలు కలిపి మళ్లీ వేశారు. అది చూడ్డానికి నేను వెళ్లలేదు.

ఇక్కడ శబ్దం గురించి ఒక్క మాట చెప్పాలి. సెకండాఫ్ నీరసించిన సినిమాలకు నేపథ్య సంగీతం మోత పెరుగుతోందని నాకు గట్టి అనుమానం. నగరంలో ఒక మల్టీప్లెక్స్‌లో ఒక యాక్షన్ సినిమా చూస్తుంటే సంభాషణలు ఒక్క ముక్క అర్థం కాలేదు, చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు. చెబితే సిబ్బంది నవ్వి ఊరుకున్నారు. ‘బలగం’ చూసిన పాత సింగిల్ స్క్రీన్‌లో ఏసీ సరిగా లేకపోయినా ప్రతి మాటా వినబడింది.

2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ సినిమాలో మోత లేదు, పోరాటాలు లేవు. విశాఖపట్నంలో కాపలాదారు కొడుకు, పందొమ్మిదేళ్ల చందు మీద పోక్సో, అంటే మైనర్లపై లైంగిక నేరాల చట్టం కింద కేసు పడుతుంది. న్యాయవాది సూర్యతేజగా ప్రియదర్శి కేసు చేతికి తీసుకునే వేళకు దాదాపు సగం సినిమా అయిపోతుంది. అంతవరకు మనల్ని కూర్చోబెట్టేది పిల్లల ప్రేమకథ కాదు, అది మామూలుగానే ఉంది. మంగపతిగా శివాజీ పుట్టించిన భయం. పరువు పేరుతో ఇంటిల్లిపాదినీ ఊపిరాడనివ్వని అలాంటి పెద్దమనిషిని చూడని కుటుంబం మన దగ్గర అరుదు. రెండో సగం నాలుగు గోడల మధ్య మాటలతోనే నడిచినా, వాద ప్రతివాదాలకు క్రికెట్ మ్యాచ్‌లో లాగా జనం స్పందించారు. ఒకటి రెండు చోట్ల సంభాషణ ఉపన్యాసమైంది, క్షమించవచ్చు. నా దృష్టిలో కొత్త దర్శకుడు రామ్ జగదీశ్ సాధించింది పెద్ద సినిమాలు నేర్చుకోవలసినంత ఉంది.

చివరగా, ఈమధ్య పెరిగిన మరో ధోరణి. ‘సలార్’, ‘దేవర’, ‘కల్కి’ అన్నీ మిగతాది రెండో భాగంలో అంటూ ముగిశాయి. ఒక విధంగా సినిమా మొత్తమే ఫస్టాఫ్ అయింది, విశ్రాంతి ఏళ్ల తరబడి సాగుతోంది. దీనికి దారి వేసిన ‘బాహుబలి’ 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా జనాన్ని కట్టప్ప ప్రశ్నతో కూర్చోబెట్టింది. ఆ రెండింటినీ కలిపి 3 గంటల 45 నిమిషాలకు కుదించిన ‘బాహుబలి: ది ఎపిక్’ను 2025 అక్టోబర్ చివర్లో చూసినప్పుడు, కోతలు తెలుస్తూనే ఉన్నా, రెండేళ్లు మోసిన ప్రశ్న ఒకే ఆటలో తేలిపోవడం హాయిగా అనిపించింది. అందరికీ అంత ఓపిక పట్టే కథ ఉండదు. ‘సలార్’లో తల్లి మాట కోసం కోపం అదిమిపెట్టుకున్న దేవా చేయెత్తే దాకా ప్రశాంత్ నీల్ కట్టిన ఉద్వేగం గొప్పగా ఉంటుంది. ఆ తర్వాత ఖాన్సార్ తెగల పేర్లు, వంశాలు గుర్తుపెట్టుకోవడానికి నాకు కాగితం, కలం కావలసి వచ్చాయి. రెండో భాగం ‘శౌర్యాంగ పర్వం’ విడుదలైనప్పుడు తప్పకుండా వెళ్తాను, కానీ ముందు రోజు రాత్రి ఇంట్లో మొదటి భాగం సెకండాఫ్ మరోసారి చూసుకుని మరీ వెళ్తాను.