ఆస్టిన్ లేడీ బర్డ్ లేక్‌లో బంగారు తీగ: ఏ నెలలో, ఏ గట్టున

ఈ చెరువులో 40 పౌండ్లు దాటిన బంగారు తీగలు (కామన్ కార్ప్) కూడా గాలానికి పడ్డాయి. డాలస్, హ్యూస్టన్‌ల నుంచి వచ్చేవాళ్లకు అసలు చిక్కు తేదీలతోనే.

మంచి కాలం మార్చి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా. గుడ్లు పెట్టే ముందు చేప లోతు తక్కువ నీళ్లకు మేతకొస్తుంది. ఐ-35 వంతెనకు తూర్పున, ఉత్తరపు గట్టు మీది ఫెస్టివల్ బీచ్ అప్పుడు సరైన చోటు. దక్షిణపు గాలి వీస్తే మేత అటే కొట్టుకొస్తుంది. రెల్లులో తపతపా కొట్టుకుంటున్నాయంటే గుడ్లు పెడుతున్నట్టే, ఎర ముట్టవు. అయితే మార్చిలో సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవానికి హోటల్ అద్దెలు మండిపోతాయి. ఏప్రిలే మేలు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బార్టన్ క్రీక్ కలిసేచోటు చూడండి. ఆ వాగులోకొచ్చే బార్టన్ స్ప్రింగ్స్ ఊటనీరు ఏడాదంతా 68-70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరుంటుంది కాబట్టి చలికాలంలో చేప అక్కడికి చేరుతుంది. అక్టోబరులో ఏసీఎల్ (ఆస్టిన్ సిటీ లిమిట్స్) సంగీతోత్సవం జరిగే వారాంతాల్లో మాత్రం ఆ పక్కనే ఉన్న జిల్కర్ పార్కు వైపు వెళ్లొద్దు, కారు పెట్టే చోటుండదు.

బసకు మెకిన్నీ ఫాల్స్ స్టేట్ పార్కు క్యాంపు స్థలాలే నా ఓటు. వారాంతాలకు చాలా ముందే బుక్ చేయాలి. రౌండ్ రాక్‌లో మోటళ్లున్నాయి, మన సరుకుల దుకాణాలూ ఉన్నాయి. కానీ పనిరోజుల్లో పొద్దున ఐ-35 ట్రాఫిక్‌లోనే మంచి గంట పోతుంది.

ఎరకు జింకల దాణాగా అమ్మే ఎండు మొక్కజొన్న చాలు. 24 గంటలు నానబెట్టి అరగంట ఉడికించి, అదే నీళ్లలో ఇంకో రోజు ఉంచండి. సరిగా నానని గింజ చేప కడుపులో ఉబ్బుతుంది. 6వ నంబరు గాలానికి కింద సన్నదారం కట్టి రెండు గింజలు దానికి గుచ్చాలి; గాలం మొన ఖాళీగా ఉంటేనే చేప పీల్చి ఉమ్మేటప్పుడు పెదవికి దిగుతుంది. దారానికి సీసపు బరువు 2 ఔన్సులు. ఎగువనున్న టామ్ మిల్లర్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే 3. రీలు వదులుగా ఉంచకపోతే కర్రే నీళ్లలోకి పోతుంది. ఎండలు ముదిరాక తాబేళ్లు గింజలు కొరికేస్తాయి, ఒకటి ప్లాస్టిక్ గింజ పెట్టండి.

17 ఏళ్లు నిండితే మంచినీటి లైసెన్సు తప్పనిసరి, ఒక్కరోజుదీ దొరుకుతుంది. 33 అంగుళాలు, ఆపైన ఉన్న చేపను రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు. అంత పెద్దది పులుసుకు కాదు, వదిలేయండి. రాళ్ల మీద పడేస్తే ఒంటి జిగురు పోతుంది, తడిపిన చాప మీదే గాలం తీయండి.