సోమశిలలో ఏటి ఒడ్డు కాటేజీ: గది ఫొటోల కన్నా ముందు నీటిమట్టం చూడండి

వరండాలో కూర్చుంటే ఎదురుగా నీళ్లు తప్ప ఇంకేమీ కనపడని ఇల్లు, చుట్టుపక్కల జనం సందడి లేకుండా. నల్లగొండ వాళ్లం అలాంటి చోటు కావాలంటే బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ దాకా పోతాం. శని, ఆదివారాల్లో అక్కడ కాలు పెట్టే సందు కూడా ఉండదు. నా కోరిక తీరింది మాత్రం మన పాత పాలమూరు జిల్లాలోనే, కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలలో.

దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్లాం. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు ఇక్కడిదాకా నిలుస్తాయి. నిండుగా ఉన్నప్పుడు అవతలి గట్టు, దాని వెనక నల్లమల కొండలు నీలంగా, ఎక్కడో దూరాన ఉన్నట్టు కనపడతాయి. ఉప్పు గాలి ఉండదు, ఒళ్లు జిడ్డు పట్టదు. పిల్లలు సాయంత్రం దాకా ఒడ్డు వదల్లేదు.

అయితే ఈ అందమంతా నీళ్లుంటేనే. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. పైనుంచి వరద వచ్చి దానికి దగ్గరగా చేరితే కాటేజీ మెట్ల దాకా కృష్ణే. ఆ తర్వాత ఆ నీళ్లకి ఎన్నో దారులు: అటు రాయలసీమకు పోయే పోతిరెడ్డిపాడు కాలువ, ఇటు ఎల్లూరు దగ్గర నీళ్లు పైకి తోడే కల్వకుర్తి లిఫ్ట్, కింద డ్యామ్ దగ్గర కరెంటు. ఎండాకాలానికి నది ఎక్కడికో జరిగిపోతుంది. మామిడిపండ్ల కోసం ఒక మే నెలలో కొల్లాపూర్ వచ్చినప్పుడు ఇదే ఒడ్డు చూశాను. నెర్రెలు విచ్చిన బురద, ఎండిన మోళ్లు, నీళ్ల కోసం చాలా దూరం నడక. కాటేజీ చూసుకునే పెద్దాయన ఉన్నమాటే చెప్పాడు: "నీళ్లు తీసినంక ఏముంటది బిడ్డా, ఎండ, బురద. దసరా ముంగట రాండ్రి." వానాకాలంలో శ్రీశైలం మట్టం రోజూ పేపర్లో వేస్తారు. అడ్వాన్స్ కట్టే ముందు ఆ అంకె చూసుకోండి. నా లెక్కలో ఆగస్టు చివరి నుంచి డిసెంబర్ దాకా మంచి కాలం. ఎండాకాలంలో వెళ్లాలనిపిస్తే కాటేజీ కోసం కాదు, సంగమేశ్వరం కోసం వెళ్లండి. ఏడు నదులు కలిసే చోటని చెప్పే ఆ గుడి అవతలి ఒడ్డున ఆంధ్ర వైపు ఉంది. నీళ్లు బాగా తగ్గితేనే బయటపడుతుంది.

టూరిజం వాళ్ల కాటేజీలు ఒడ్డునే ఉన్నాయి గానీ, ఇంకా ఏకాంతంగా ఉండాలని మేం ఊరికి ఎడంగా ఉన్న ఒక ప్రైవేటు కాటేజీ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, బాత్రూమ్‌లో వేడినీళ్లు వచ్చాయి. రాత్రి కరెంటు పోతే మాత్రం జనరేటర్ ఆన్ కాలేదు. అందులో డీజిల్ లేదట! ముసలి అత్తమ్మని పెట్టుకుని చీకట్లో టార్చిలైటు పట్టుకు తిరగడం నాకు అస్సలు నచ్చలేదు. క్యాంప్ ఫైర్‌కి డబ్బులు వేరే అన్న సంగతి బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. పక్కన దిగిన కుర్రాళ్లు డీజే బాక్స్ పెడితే మాత్రం ఓనర్ స్వయంగా వచ్చి ఆపించాడు. ఆ ఒక్క పనికి నేను మంచి మార్కులే వేస్తాను.

తిండి గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే ఒక జంట పుట్టిలో ఒడ్డుకొచ్చారు. ఆయన తెడ్డు వేస్తుంటే, ఆమె వల కన్నుల్లో ఇరుక్కున్న చేపని మొప్పల కింద వేలు పెట్టి, దారం తెగకుండా ఒడుపుగా విడదీస్తోంది. "అక్కా, అమ్ముతరా?" అని అడిగాను. "బొచ్చెలున్నయి, జెల్లలున్నయి. నీకేది గావాలె చెల్లె?" అంది. బొచ్చె తీసుకున్నాం. పెద్దాయన భార్య చింతపండు పులుసు పెట్టి, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చి పెట్టింది. రొట్టె అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పులుసు పీల్చుకుంటూ ఉంది. పెద్ద హోటల్లో కూడా ఇంత రుచిగా తినలేదు.

పడవ షికారుకి లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. "దగ్గరే కదా" అంటారు, వినొద్దు. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయిన నది ఇదే. సోమశిల, అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం మధ్య వంతెన కోసం ఇక్కడి జనం ఎన్నేళ్లుగానో అడుగుతూ వచ్చారంటే అందుకే. లలితా సోమేశ్వరస్వామి గుడికి తప్పక వెళ్లండి. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోతాయని పాత గుళ్లను విప్పి, రాయి రాయి తెచ్చి పైన మళ్లీ నిలబెట్టారు.

ఇదంతా విని మా అన్నయ్య, "ఇంత దూరమెందుకు, మనకి సాగర్ లేదా?" అన్నాడు. సాగర్ వేరు. హిల్ కాలనీ విజయ్ విహార్‌లో దిగితే తిండికి, మందులకి టెన్షన్ లేదు. బుద్ధవనం, నాగార్జునకొండ లాంచీ, ఆంధ్ర వైపు ఎత్తిపోతల, అన్నీ దగ్గరే. అమ్మానాన్నలతో వెళ్తే నేనూ సాగరే అంటాను. కానీ 26 గేట్లు ఎత్తిన రోజు అక్కడ కారు పెట్టే చోటు కూడా దొరకదు. ఎవరూ పలకరించని చోట నీళ్లు చూస్తూ కూర్చోవాలంటే నా ఓటు సోమశిలకే.

ఫోన్‌లో బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు గట్టిగా అడగండి: గదికీ నీళ్లకీ ఇప్పుడు ఎంత దూరం, జనరేటర్ నడుస్తుందా, దేనికి వేరే డబ్బులు. ఈ రోజు తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే ఇంకో చోటు చూసుకోండి. పెట్రోలు, మందులు, పాల ప్యాకెట్లు కొల్లాపూర్‌లోనే కొనండి. అటునుంచి అటే శ్రీశైలం పోయేవాళ్లు నల్లమల అడవి దారిలోని మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారని గుర్తుపెట్టుకుని, మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి.