రామప్ప దారిలో పుస్తకాల పెట్టె

కాజీపేటలో రైలు దిగేసరికి భుజాన చేర్యాల మాస్కుల సంచి, కాళ్ల దగ్గర 120 పుస్తకాల అట్టపెట్టె. నా కొత్త పిల్లల పుస్తకంలో రామప్ప గుడిది, నీళ్లమీద తేలే ఇటుక కథ ఒకటుంది. దాన్ని అక్కడి పిల్లలకే ముందు వినిపించాలని నాలుగు రోజులు పెట్టుకుని బయల్దేరాను.

మొదటి రాత్రి హన్మకొండ బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, తెల్లారి వేడినీళ్లూ వచ్చాయి. కిటికీ మాత్రం పూర్తిగా మూతపడదు, అర్ధరాత్రి దాకా హారన్లే. మర్నాడు నక్కలగుట్ట వైపు మారాను. అద్దె దాదాపు రెట్టింపు. పొద్దున్నే గొంతు విప్పి కథ చెప్పాల్సినవాళ్లు ఈ ఖర్చుకి వెనకాడొద్దు.

నగరంలో ఒక పెద్ద ప్రైవేటు బడికి పిలిచారు. ఐదు వందల మంది పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టారు. మైకు గరగరలాడింది. నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందులో సగం శాలువాకీ ఫోటోలకీ పోయింది. పుస్తకాలు ఎక్కువ అమ్ముడైంది అక్కడే. ఒక్క పిల్ల కూడా ప్రశ్న అడగలేదు, అడిగే వీలే లేదు. ఆ బాధ నాకింకా ఉంది. సాయంత్రం 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం చూసొచ్చాక మనసు కాస్త కుదుటపడింది.

ములుగుకి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లకి ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కానీ కాలు పెట్టే సందు లేదు. కండక్టరే నా పెట్టె అందుకుని డ్రైవర్ పక్కన బానెట్ దగ్గర సర్దాడు. "పుస్తకాలా అక్కా? పైలం, నేను చూస్కుంట" అన్నాడు. దిగేటప్పుడు తనే కిందికి దించాడు.

ఆ తొక్కిసలాటలో పులి మాస్కు చెవి విరిగింది. చేర్యాల మాస్కు అంటే కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి దిద్దింది. ఒక్క దెబ్బకే పెచ్చు లేస్తుంది. ములుగు సర్కారు బడికి చేరేసరికి మధ్యాహ్న భోజనం అప్పుడే అయింది. ఆరో తరగతి పిల్లాడొకడు నాలుగు మెతుకులు మెత్తగా నలిపి, చెవి అతికించి, ఆరేదాకా వేళ్లతో నొక్కి పట్టుకు కూర్చున్నాడు. వాడట్లా పట్టుకునుండగానే కథ మొదలుపెట్టాను. టీచరమ్మ ఇంటి నుంచి సర్వపిండి తెచ్చింది. నూనె దిగడానికి వేలితో పొడిచిన గుంటల చుట్టూ కరకరలాడుతూ, పల్లీ, నువ్వు పంటికి తగులుతూ... హన్మకొండ హోటళ్లలో అంత రుచిగా ఏదీ తినలేదు.

ములుగు నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకి ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ ఎంతో, అక్కడ ఎంతసేపు ఆగాలో ముందే తేల్చుకోండి. నేను తేల్చుకోక తిరిగొచ్చేటప్పుడు గొడవపడ్డాను. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక మాట: నీళ్లమీద తేలే ఇటుకలు పైన శిఖరంలో ఉంటాయి, కింద నిలబడితే కనిపించవు. మదనికలనే నల్లరాతి ఆడబొమ్మల దగ్గర ఆపండి. ఎత్తుమడమల చెప్పులేసుకున్న బొమ్మని వెతకమంటే పిల్లలు అక్కణ్నుంచి కదలరు.

గుడి బయట చెట్టు కింద ఊరి పిల్లలు పదకొండు మంది కూర్చున్నారు. మైకు లేదు, శాలువా లేదు. ఇటుక కథ చెప్పాను. ఎనిమిదేళ్ల పాప లేచింది.

"ఇటుక యాడ తేలింది అక్కా?"

"నీళ్లల్ల" అన్నాను.

"ఏ నీళ్లల్ల? మా చెర్వులనా? మరి చెర్వు పేరు చెప్పలే?"

నిజమే. గుడికి అంత దగ్గర్లో, కాకతీయుల కాలం నుంచి పొలాలు తడుపుతున్న రామప్ప చెరువుంటే, నా కథలో ఇటుక ఊరూపేరూ లేని నీళ్లలో తేలింది. పుస్తకం ఆమె చేతికిచ్చి, ఆ పేజీ తీసి, పెన్ను కూడా ఇచ్చాను. "నీళ్లు" అన్నచోట కొట్టేసి "రామప్ప చెర్వు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. రెండో ముద్రణకి ఆ పేజీ అట్లాగే పంపుతున్నాను.