నేవెల్, వాలెన్సియా: రెండు నారింజలు, రెండు రకాల బొమ్మలు

కాలిఫోర్నియాకు నారింజల పేరు తెచ్చినవి ముఖ్యంగా ఈ రెండే. బ్రెజిల్‌లోని బహియా నుంచి వచ్చిన నేవెల్ అంట్లను 1870లో అమెరికా వ్యవసాయ శాఖలో విలియం సాండర్స్ అందుకున్నాడు. 1873లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ఊళ్లో ఉన్న ఎలిజా టిబెట్స్‌కు కొన్ని మొక్కలు చేరాయి. పండులో గింజ ఉండదు కాబట్టి అంటు కట్టడం తప్ప దారి లేదు. ఆ తొలి చెట్లలో ఒకటి రివర్‌సైడ్‌లో ఇంకా బతికే ఉంది, అదెంత గొప్ప సంగతి! వాలెన్సియా అజోర్స్ దీవుల నుంచి ఇంగ్లండ్ నర్సరీ మీదుగా అమెరికా చేరింది.

ఒలుచుకు తినడానికి నేవెలే మేలు. జ్యూస్‌కు మాత్రం వాలెన్సియా, ఎందుకంటే నేవెల్ రసం కాసేపు ఉంచితే లిమోనిన్ అనే చేదు పదార్థం వల్ల చేదెక్కుతుంది.

ఇక బొమ్మల మాట. వ్యవసాయ శాఖ 1886 నుంచి 1942 వరకు పండ్లకు సుమారు 7,500 నీటిరంగుల చిత్రాలు వేయించింది. డెబొరా గ్రిస్కమ్ పాస్‌మోర్ ఒక్కరే 1,500కు పైగా వేశారు. బొమ్మలో నేవెల్‌ను గుర్తుపట్టడం తేలిక: అడుగున బొడ్డు, కోసి చూస్తే ఆ బొడ్డు వెనక చిన్నచిన్న తొనలతో ఇంకో బుల్లి పండు. వాలెన్సియాకు అలాంటి గుర్తేమీ లేదు. పైగా పండాక చెట్టుమీదే ఉంచేస్తే వేసవికి తొక్క మళ్లీ పచ్చబడుతుంది, రంగును నమ్మలేం. అందుకే నా దృష్టిలో చిత్రకారుల పనితనానికి అసలు పరీక్ష వాలెన్సియానే.