ఒకే పేరు, నాలుగు పళ్ళేలు: వెనిస్‌లో కార్పాచో

వెనిస్‌లో రియాల్టో వంతెనకు కొద్ది దూరంలో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడవలసినంత ఇరుకు సందులో ఉన్న ఒక చిన్న భోజనశాలకు మేము ముగ్గురం వెళ్ళాము. భోజనానికి ముందు వడ్డించే పదార్థాల పట్టికలో గొడ్డుమాంసం, ట్యూనా చేప, ఆక్టోపస్, బీట్‌రూట్ అని, పల్చగా కోసి పళ్ళెంలో పరిచి వడ్డించే కార్పాచోలు నాలుగు రకాలు కనిపించడంతో నాలుగూ తెప్పించుకున్నాము.

ఈ వంటకం పుట్టిల్లు అక్కడికి నడకదూరంలోనే ఉంది. జుసెప్పె చిప్రియాని 1931లో సాన్ మార్కో దగ్గర తెరిచిన హ్యారీస్ బార్‌లో, వండిన మాంసం తినవద్దని వైద్యుడు కట్టడి చేసిన అమాలియా నాని మొచెనిగో అనే జమీందారిణి కోసం, పచ్చి గొడ్డుమాంసాన్ని పల్చగా కోసి, దానిపై తెల్లని సాసును గీతలుగా పోసి ఇచ్చారని చెబుతారు. ఇది 1950లో జరిగిందని చాలాచోట్ల రాస్తారు గానీ, పేరుకు మూలమైన చిత్రకారుడు విత్తోరె కార్పాచో చిత్రాల పెద్ద ప్రదర్శన వెనిస్‌లో జరిగింది 1963లో. ఆయన బొమ్మలలోని ఎరుపు, తెలుపులను తలపించినందుకే ఆ పేరు పెట్టారు. అంటే పేరు వచ్చింది రంగు వల్ల. కోత వల్ల కాదు. ఇప్పుడు మాత్రం పల్చగా కోసి పళ్ళెంలో పరిచినదల్లా, చివరికి అనాసపండు సైతం, కార్పాచోయే.

మొదట వచ్చిన గొడ్డుమాంసం పళ్ళెంలో మాంసం కనిపించలేదు. ‘అరుగుల’ అనే ఘాటైన ఆకుకూర, పార్మిజాన్ జున్ను రేకులు దానిని పూర్తిగా కప్పేశాయి. ఈ అలంకారం తర్వాతి కాలంలో వచ్చి చేరినదే అయినా, ఇప్పుడు ఇదే అసలు పద్ధతి అన్నంతగా స్థిరపడిపోయింది. చిప్రియాని సాసులో ఉండేవి మయొనేజ్, కొద్దిగా వూస్టర్ సాస్, నిమ్మరసం, పల్చబరచడానికి పాలు. ఇక్కడ దాని బదులు ఆలివ్ నూనె, నిమ్మరసం నేరుగా పోశారు. పులుపు తగిలిన పచ్చిమాంసం ఎరుపు తగ్గి బూడిదరంగుకు తిరుగుతుంది కనుక, మేము ఆకులు పక్కకు తీసేసరికి రంగు సగం పోయింది. పైగా పళ్ళెం అడుగున నీరు చేరింది. మాంసాన్ని గడ్డకట్టిస్తే యంత్రం మీద కోయడం సులువే గానీ, కరిగేటప్పుడు అది తన రసాన్ని వదిలేస్తుంది. బాగా చల్లబరచి, పదునైన కత్తితో చేత్తో కోస్తే ఈ తిప్పలు ఉండవు.

చేప సంగతి వేరు. పచ్చిగా వడ్డించే చేపను పురుగుల భయం వల్ల ముందుగా −20 డిగ్రీల వద్ద కనీసం 24 గంటలు ఉంచడం ఐరోపాలో సాధారణంగా పాటించే నిబంధన. అయినా ట్యూనా ముక్కలు నీరు ఓడకుండా, నోట్లో వెన్నలా కరిగాయి. ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువైంది.

ఆక్టోపస్ అసలు పచ్చిదే కాదు. మెత్తగా ఉడికించి, వేడి మీదనే గొట్టంలాంటి అచ్చులో అదిమి చల్లారిస్తే దానిలోని జిగురే ముక్కలను అతికిస్తుంది. ఆ తర్వాత బిళ్ళలుగా కోస్తారు. ఊదా, తెలుపు మచ్చలతో చలువరాయి పలకలా ఉన్న ఈ పళ్ళెమే ఆ రోజు మాకు అన్నిటికంటే నచ్చింది. మూలకథతో దీనికి చుట్టరికం లేదని తెలిసినా రెండోసారి తెప్పించుకున్నాము.

శాకాహారి అయిన మా మిత్రుడి కోసం చెప్పిన బీట్‌రూట్‌ను నేను మొదట చిన్నచూపు చూశాను. పొయ్యిలో కాల్చి, కాగితమంత పల్చగా కోసి, మేకపాల జున్నును పాలతో జారుగా కలిపి పైన గీతలుగా పోశారు. నాలుగింటిలో ఆ చిత్రకారుడి ఎరుపు, తెలుపులు చెక్కుచెదరకుండా కనిపించింది ఈ ఒక్కదానిలోనే.

వడ్డన నిదానమే అయినా మర్యాదగా ఉంది. గొడ్డుమాంసం చెప్పదలచినవారు అరుగుల, నిమ్మరసం విడిగా తెమ్మని ముందే అడగడం మంచిది. మేము అడిగాక తెలిసింది, అలా తెచ్చి ఇవ్వడానికి వారికి ఏ అభ్యంతరమూ లేదని.