ప్రభుత్వ వైద్యసేవా, ప్రైవేటు బీమానా?

కోనసీమలో కొబ్బరి దింపు డబ్బు చేతికొచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఇదే చర్చ.

ఖర్చు: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకానికి డబ్బు పన్నుల నుంచి వస్తుంది. బీమాకు ప్రీమియం మనమే ఏటా కట్టాలి, వయసుతో పాటు అదీ పెరుగుతుంది.

శ్రమ: అక్కడ కార్డు, జాబితాలోని ఆసుపత్రి. ఇక్కడ సన్న అక్షరాల షరతులు.

ముప్పు: అసలు మెలిక ఇదే. పథకంలో పాత జబ్బుకూ నిరీక్షణ లేదు, కానీ జాబితాలోని చికిత్సలకే. బీమాలో పాత జబ్బుకు 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. నాన్నగారి షుగరు సంగతి దాచి పాలసీ తీసుకుందామన్నాడు మా బావ. క్లెయిము తిరస్కరించడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

కార్డున్న కౌలు రైతుకు పథకమే మేలు. కార్డు లేని ఉద్యోగికి బీమా, అదీ 40 దాటకముందే.