ఫ్యూన్ తీరంలో సీ ట్రౌట్: బోణీ కాని గంటల చిట్టా

గోదావరి పులస సంగతి తెలిసినవాళ్లకు సీ ట్రౌట్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఏట్లో పుట్టి, సముద్రంలో మేసి బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏరెక్కే బ్రౌన్ ట్రౌటే అది. డెన్మార్క్‌లోని ఫ్యూన్ దీవిలో దీన్ని నడుంలోతు ఉప్పునీళ్లలో నిలబడి గాలంతో పడతారు. చుట్టుపక్కల లంకలతో కలిపి తీరం దాదాపు 1,100 కి.మీ. నాలుగు రోజుల సెలవులో అందులో ఎక్కడ నిలబడాలో చెప్పగలిగేది చిట్టా పుస్తకమే. అయితే సరిగ్గా రాసి ఉండాలి.

చాలామంది చేప పడిన రోజే రాస్తారు. అది ఫొటో ఆల్బమ్ అవుతుంది గానీ చిట్టా కాదు. దీవిలోని రెండు చోట్ల గురించి ‘హెల్నేస్‌లో ఆరు, గాంబోర్ ఫ్యోర్డ్‌లో రెండు’ అని ఉంటే హెల్నేసే మేలనిపిస్తుంది (ఫ్యోర్డ్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ). పక్కనే ‘అక్కడ 30 గంటలు, ఇక్కడ 4 గంటలు’ అని కూడా ఉంటే లెక్క తిరగబడుతుంది: ఒకచోట ఐదు గంటలకో చేప, రెండోచోట రెండు గంటలకో చేప. ఎరల విషయంలోనూ ఇదే తిరకాసు. అన్నీ విఫలమయ్యాక చివర్లో గులాబీ రంగు రొయ్య ఫ్లై (ఈకలు, దారాలతో రొయ్యలా చేసిన తేలికపాటి ఎర) కట్టేవాళ్ల పుస్తకంలో అది ఎప్పటికీ దండగ ఎరే. ఏ ఎర ఎంతసేపు నీళ్లలో ఉందో రాయకపోతే ఈ అన్యాయం బయటపడదు.

ఒక పూట పద్దు ఇలా ఉంటే చాలు: ‘ఏప్రిల్ 14, ఉ. 6.10–8.40. కొసకు ఎడమ, రెండో రాళ్ల వరస. నీరు 7°. గాలి నైరుతి, 6 మీ./సె., ఎడమ చెంపకు. నీటిమట్టం తగ్గుతోంది, ప్రవాహపు లాగుడు ఉత్తరానికి. మోకాలిలోతు దాకా బూటు కనిపిస్తోంది. 20 గ్రా. వెండి రంగు ఎర. వెంటపడినవి 2, తగిలి జారినవి 1, ఒడ్డుకొచ్చినవి 0.’ చివరి సున్నా చూసి పూట వృథా అనుకోకూడదు. వెంటపడిన ఆ రెండే చోటు మంచిదని చెబుతున్నాయి, మార్చాల్సింది ఎరను.

నీటి వేడి అంచున కొలవకండి. ఎండ ఉన్న మధ్యాహ్నం చీలమండలోతు నీళ్లు తప్పుడు లెక్క చెబుతాయి. థర్మామీటర్‌ను మీటరు తాడుకు కట్టి, మోకాలిలోతు దాటాక, మన నీడ పడేచోట రెండు నిమిషాలు ముంచాలి. ఎందుకింత పట్టింపంటే, నీరు 4 డిగ్రీల కిందికి దిగితే ఒంట్లో ఉప్పు సమతూకం నిలుపుకోవడం చేపకు కష్టమై, ఉప్పు తక్కువున్న ఫ్యోర్డ్‌ల లోపలికి పోతుంది. 6–12 మధ్య ఒడ్డు వెంట తిరిగి మేస్తుంది. వేసవిలో నీరు కాగాక పగలు లోతుకు పోయి, రాత్రి ఒడ్డుకొస్తుంది.

ఇక చోట్లు. మార్చిలో మొదట వెళ్లాల్సింది మిడెల్‌ఫార్ట్ దగ్గరి గాంబోర్ ఫ్యోర్డ్‌కి. నీళ్లు లోతు తక్కువ, అడుగు నల్లన, త్వరగా వేడెక్కుతుంది. కొన్నిచోట్ల బురద మెత్తగా ఉంటుంది, పాదం మోపి చూశాకే బరువు వేయాలి. నైరుతిలోని హెల్నేస్ రాళ్ల తీరం, లాగుడు బాగుంటుంది. రాళ్లు, నాచు, ఇసుక మచ్చలు మచ్చలుగా కలిసిన అడుగును అక్కడివాళ్లు చిరుత అడుగు అంటారు, చేప మాటు వేసేది ఆ మచ్చల అంచుల్లోనే. పడమటి గాలి గట్టిగా కొట్టిన మర్నాడు మాత్రం తెగిన నాచు ప్రతి విసురుకూ గాలానికి చుట్టుకుంటుంది. అప్పుడు తూర్పు పక్క అఖాతం వైపు మారాలి. ఈశాన్య కొస ఫ్యూన్స్ హోవెడ్‌లో లోతు ఒడ్డుకు దగ్గర, వసంతంలో ఆలస్యంగా వేడెక్కుతుంది. దాన్ని వేసవి రాత్రులకు, సెప్టెంబరు, అక్టోబరులకు ఉంచుకోవడం మేలు. గాలి ఎటున్నా ఏదో ఒక పక్క మరుగు దొరుకుతుంది.

బసకు కెర్టెమిండె అందమైన ఊరే గానీ, వసంతంలో పడమటి తీరానికి రోజూ దీవి అడ్డంగా దాటాలి. అసెన్స్‌లో ఉంటే హెల్నేస్, గాంబోర్ రెండూ అందుబాటులో ఉంటాయి. ఓడెన్సె నడిబొడ్డున ఉంది, కోపెన్‌హేగెన్ నుంచి రైలు నేరుగా వస్తుంది, కానీ హోటల్ గదిలో తడి వేడర్లు (నీళ్లలో నిలబడేందుకు తొడిగే, తడి లోపలికి రాని పొడవాటి తొడుగులు) ఎక్కడ ఆరేస్తారు? బుక్ చేసేముందు అడగాల్సినవి మూడు: ఆరబెట్టే చోటు, చేప శుభ్రం చేసే బల్ల, ఫ్రీజర్. చేపలవాళ్ల కోసమే ఈ మూడూ అమర్చిన బసలు దీవిలో ఉన్నాయి. సీజన్లో వేసవి ఇళ్లు ఎక్కువగా వారం లెక్కన, శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. కరెంటు, శుభ్రపరిచే ఖర్చు చాలాచోట్ల విడిగా పడతాయి. తీరపు చెక్క షెల్టర్లు చవకే గానీ, తడి వేడర్లకు అక్కడ దారి లేదు. కారు లేకపోతే హెల్నేస్ మరిచిపోవడమే మంచిది.

గైడ్‌ను పెట్టుకుంటే మొదటి రోజుకే పెట్టుకోవాలి. ఆయన తీరం మార్చిన ప్రతిసారీ ‘ఎందుకు’ అని అడిగి, జవాబు రాసుకోవాలి. ఫీజులో విలువైన భాగం అదే.

లైసెన్సు 18 ఏళ్ల నుంచి పింఛను వయసు దాకా తప్పనిసరి. రోజుకు, వారానికి, ఏడాదికి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సముద్రంలో కనీస పొడవు 40 సెం.మీ. నవంబరు 16 నుంచి జనవరి 15 దాకా, గుడ్లకు సిద్ధమై రంగు తిరిగిన చేపను వదిలేయాలి. ఏర్లు కలిసేచోట 500 మీటర్ల రక్షిత హద్దులుంటాయి, కొన్ని ఏడాదంతా. మ్యాప్ చూడకుండా అక్కడ గాలం వేయొద్దు.

పుస్తకానికి పెన్ను పనికిరాదు, పెన్సిలే. ఛాతీ జేబులో పెట్టుకుని ఒడ్డెక్కిన పది నిమిషాల్లో రాయాలి. రాత్రి బసలో రాస్తే గాలి దిక్కు మారిపోతుంది, చేప పొడవు పెరుగుతుంది. ఇంటికొచ్చాక పేజీలను తేదీ వారీగా కాకుండా గాలి దిక్కు వారీగా పేర్చండి. తర్వాతి యాత్రకు ముందు రోజు డెన్మార్క్ వాతావరణ సంస్థ ఇచ్చే గాలి, నీటిమట్టం సూచన చూసి, దానికి సరిపోయే పేజీ తెరవండి. అలాంటి పేజీ లేకపోతే, గంటన్నరలో ఒక్క తాకిడీ లేనిచోట ఇంకో విసురు విసరకుండా టైము రాసేసి పక్క కొసకు నడవండి.